దీక్ష దిగని స్వామి

“తీయను నాన్నా. ఎన్నిసార్లడిగినా ఇదే మాట. మాల తీయను.”

“ఒరేయ్ స్వామీ!”

మా మామయ్య గురవయ్యగారు అరిచిన ఆ అరుపుకి వీధిలో మంచినీళ్ల క్యాన్లు దింపుతున్నవాడు కూడా తలెత్తి చూశాడు.

దీక్షలో ఉన్నవాణ్ని స్వామీ అనే పిలవాలి. కోపమొచ్చిన తండ్రికి ఒరేయ్ తప్ప ఇంకో మాట రాదు. రెండూ కలిసి అలా బయటపడ్డాయి. మరో రోజైతే నేను వంటింట్లోకి పరిగెత్తి, చెంగు నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని.

ఇవాళ నవ్వెక్కణ్నుంచి వస్తుంది? తెల్లారుతూనే పర్చూరు నుంచి ఫోను. మా మామయ్యకి అన్న, మా ఆయనకి పెదనాన్న, నిద్రలోనే పోయారు. ఆయనకి పిల్లల్లేరు. తలకొరివి పెట్టాల్సింది మా ఆయన వీరబాబే. ఎండ ముదరకముందే శవాన్ని లేపాలని అక్కణ్నుంచి ఫోను మీద ఫోను. వీధిలో కారు కూడా వచ్చి నిలబడింది.

మెడలో ఆంజనేయస్వామి మాల ఉన్న మనిషి చావింటి గడప తొక్కకూడదు. కొరివి అసలు పట్టకూడదు. అయినవాళ్లు పోతే మైల వస్తుంది గనక దీక్ష అక్కడితో సరి, మాల తీసేయాలి. మా చీరాల నేతపేటలో ఇది తెలియనివాళ్లు లేరు.

మా ఆయనకీ తెలుసు. తెలిసి తెలిసే మగ్గాల పాకలోకి వెళ్లి, మగ్గం గుంటలో కాళ్లు దించుకుని కూర్చుని, మాలని పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు.

“మైల వచ్చాక మాల ఉంచుకోవడం దీక్ష కాదు స్వామీ, మొండితనం,” అన్నారు రామచంద్రమూర్తిగారు. రిటైరైన హెడ్మాస్టరు. మా పేటలో స్వాములందరికీ ఆయనే గురుస్వామి. “మాల వేసింది నేను. తీసేది మీ అమ్మ. మధ్యలో నీ పెత్తనమేమిటి?”

పాక గుమ్మంలో మా అత్తయ్య రాఘవమ్మ కూలబడి ముక్కు చీదుకుంటోంది. “కొడుకు చెయ్యి పడితే చాలని పదిసార్లు చెప్పుకున్నాడమ్మా ఆ మహానుభావుడు. మా వీరబాబు ఉన్నాడు, నాకేం తక్కువ అనేవాడు.”

ఆ మాట లోపలికి వినపడింది. మాల పట్టుకున్న పిడికిలి ఇంకా బిగిసింది. అది చూసి నాకు ఇంకా అయోమయమైంది. పెదనాన్నంటే ప్రాణం పెట్టే మనిషి ఈ పంతం ఎందుకు పడుతున్నట్టు?

అసలు ఈ మాలల సంగతే నాకు అంతుపట్టదు. పోయిన శ్రావణంలో మా పెళ్లయింది. కార్తీకం రాగానే అయ్యప్ప మాల, నల్లబట్టలు. కొండకెళ్లొచ్చి అది తీసిన వారానికే శివమాల, కాషాయం. శివరాత్రి వెళ్లిందో లేదో గోవిందమాల, పసుపు. ఇప్పుడు హనుమంతుడి మాల, సింధూరం. మా పెరటి దండెం మీద రంగులు మారాయి గానీ నా బతుకు మారలేదు. రంగులద్దడం మా ఇంటి పనే గానీ, మరీ ఇంత అద్దకం నేనెరగను.

దీక్షలో ఉన్నన్నాళ్లూ మొగుడికి వేరే చాప, వేరే గిన్నె. ఆడవాళ్లంతా ఆయనకి మాతలే. నేనూ మాతనే. “మాతా, మంచినీళ్లు.” “మాతా, కండెలు అయిపోయాయి.” ఆయన మగ్గానికి నూలు కండెలు చుట్టిచ్చేది నేనే కదా, రోజుకి ఎన్నిసార్లు ఆ పిలుపు వినాలో చూడండి. పెళ్లయిన కొత్తలో సౌజన్యా అని చివర సాగదీసి పిలిచేవాడు. ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో. తాళి కట్టినవాడు మాతా అంటుంటే, ఈ ఇంట్లో నేనెవరినో నాకే తెలియకుండా పోయింది.

పోయిన వారం ఇదంతా చెప్పి మా అమ్మ దగ్గర ఫోన్లో ఏడ్చాను. ఆ ఏడుపుకే మా అమ్మ మంగళగిరిలో పొద్దున్నే రైలెక్కింది. సరిగ్గా చావు కబురొచ్చిన రోజున మా గుమ్మంలో దిగింది. దిగినావిడ ఊరుకుందా? నా బట్టలు బ్యాగులో సర్ది వసారాలో పెట్టింది.

“వదినగారూ, చావు కబురు మీద మాట్లాడకూడదు. మాట్లాడకా తప్పట్లేదు,” అని మొదలెట్టింది.

“ఇప్పుడా వదినగారూ?” అంది అత్తయ్య.

“ఇప్పుడు కాకపోతే ఇంకో మాల వేస్తాడు మీ అబ్బాయి. అప్పుడిక అడగడానికీ ఉండదు. భక్తి ఉంటే గుళ్లో ఉండమనండి. ఆడపిల్ల మెడలో తాళి కట్టడం దేనికి?”

“నా కొడుకు బంగారం. పేటలో ఎవర్నైనా అడగండి. తాగుడు లేదు, తిరుగుడు లేదు.”

“తాగుడూ తిరుగుడూ లేనివాడు పెళ్లాం మొహం చూడ్డానికి భయపడతాడా? ఒంట్లో లోపమన్నా ఉండాలి, బయట ఇంకో మనిషన్నా ఉండాలి. ఏదో ఒకటి తేల్చండి.”

“అమ్మా!” అన్నాను.

“నువ్వు నోర్ముయ్యవే. నోరున్న పిల్లవైతే నీకీ గతి పట్టేది కాదు.”

అత్తయ్య లేచి నిలబడింది. “లోపం నా కొడుకులో లేదు. నీ కూతురే ఏదో అని ఉంటుంది. మనసు విరిగి వాడు దేవుణ్ని పట్టుకున్నాడు.”

చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండిపోయింది. ఏమన్నానో నాకు తెలిస్తే కదా! మామయ్య తల పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. ఫోను మళ్లీ మోగింది. ఆయన ఎత్తలేదు.

“బ్యాగు తీసుకో,” అంది అమ్మ. “ఆటో పిలిపిస్తాను. స్టేషన్‌కి పోదాం.”

“ఒక్క పది నిమిషాలాగు. నేను అడిగొస్తాను.”

“ఇన్నాళ్లు అడగనిది ఇప్పుడడుగుతావా?”

“అడగలేదు. అదే నా తప్పు,” అన్నాను. గురుస్వామిగారు అందరినీ పాక ముందు నుంచి వసారాలోకి పంపించి, నాకు దారిచ్చారు.

ఆవిడ ఎవరని అడగాలని మనసులో సిద్ధం చేసుకుంటూ లోపలికి వెళ్లాను. ఇంకో మనిషి ఉందనే నా అనుమానం కూడా. నేతగాళ్ల ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిందంటే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. మాలకీ మాలకీ మధ్య దొరికిన ఆ నాలుగు రోజుల్లో మధ్యాహ్నం పూట ఆయన మగ్గం ఆగేది. పెరట్లో రంగుల గదికి లోపల గడియ పడేది. ఫోను ఆయనతోనే వెళ్లేది. మెడలో మాల పడగానే మగ్గం మళ్లీ పొద్దస్తమానం ఆడేది. దీక్షలో ఉన్నన్నాళ్లూ ఆవిడకి సెలవేమో అనుకున్నాను. నా తెలివి అంతవరకే వెళ్లింది.

పాకలో మూడు మగ్గాలూ ఆగిపోయి ఉన్నాయి. ఆయన మగ్గం మీద మిరపపండు రంగు చీర సగంలో ఉంది. నేను కండెల బుట్ట పక్కకి జరిపి, గుంట ఒడ్డున కూర్చున్నాను.

“ఎవరావిడ?”

“ఏ ఆవిడ?”

“రంగుల గదిలో గడియ పెట్టుకుని ఫోన్లో మాట్లాడతారే, ఆవిడ.”

తలెత్తి చూశాడు. ఆ చూపులో దొరికిపోయిన దొంగ బెదురు లేదు. ఏదో పెద్ద అలసట ఉంది.

“ఎవరూ లేరు మాతా.”

“ఇంకొక్కసారి మాతా అన్నారంటే ఈ కండెల బుట్ట నెత్తిన గుమ్మరిస్తాను.”

“ఎవరూ లేరు. ఎవరన్నా ఉన్నా బాగుండేది. చెప్పుకోడానికి ఒక పేరుండేది.”

“మరేమిటి?”

“అలవాటు.”

“తాగుడా?”

“కాదు.”

“ఫోన్లో పేకాటా? డబ్బులు పోయాయా?”

“కాదు.”

“గుట్కానా?”

“ఛ! ఆ గదిలో నేనొక్కణ్నే ఉంటాను. నేనూ, ఫోనూ. అంతే.” గొంతు బాగా తగ్గించాడు. “మగాడు ఒక్కడే ఉండి చేసుకునేది. నీకెట్లా చెప్పాలి?”

చెప్పక్కర్లేకపోయింది. నా చెవులు వేడెక్కాయి. హస్తప్రయోగం అన్న మాట నేను వారపత్రికలో డాక్టరు శీర్షికలో చదివానే గానీ, మనిషి ఎదురుగా కూర్చుని ఆ సంగతి చెప్పగా వినలేదు. ఎటు చూడాలో తెలియక సగం నేసిన చీర వైపు చూశాను.

ముందు హమ్మయ్య అనిపించింది, ఇంకో ఆడది లేదని. ఆ వెంటనే ఆ హమ్మయ్య కూడా పోయింది. ఇంకో మనిషైతే జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చి అడగొచ్చు. దీనికి జుట్టేది?

“ఎప్పటినుంచి?” అన్నాను.

“గుంటూరులో ఉన్నప్పట్నుంచి. మిరప కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం చేశాను కదా.”

“ఘాటు పడక మానేశారని మీవాళ్లు చెప్పారు.”

“ఘాటు పడకేం? బానే పడింది. పని మధ్యలో లేచి రూముకి పోయేవాణ్ని. మొదట్లో నిద్ర పట్టక. తర్వాత దిగులేసినప్పుడు. ఆ తర్వాత ఎందుకో నాకే తెలియదు. సంతోషంగా ఉన్నా అదే, ఏడుపొచ్చినా అదే. లారీలు వచ్చి బస్తాలు దించాల్సినవేళ నేను సీట్లో లేను. పొమ్మన్నారు. ఇంట్లో ఘాటని చెప్పాను.”

“పెళ్లయితే తగ్గుతుందనుకున్నారా?”

“రూములో నాతో ఉండే నాగూర్ వలి అదే అన్నాడు. పెళ్లి చేసుకోరా, అదే పోతుందని. పోలేదు.”

“నేను పక్కనుండగా కూడానా?”

తల దించుకున్నాడు. “నువ్వు నిద్రపోయాక లేచి పోయేవాణ్ని. నీలో తక్కువై కాదు. ఒట్టు. కడుపు నిండాక కూడా చెయ్యి కంచంలోకి పోయేవాళ్లుంటారు చూడు, అట్లా.”

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఏది ముందో తెలియలేదు. నేను ఎర్రచీర కట్టుకున్న రోజులూ, తలలో మల్లెపూలు వాడిపోయిన రోజులూ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అద్దం ముందు నిలబడి నాలో ఏం తక్కువా అని వెతుక్కున్నాను కదా. ముక్కు లావనుకున్నాను, రంగు తక్కువనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

“అది తప్పా?” అని అడిగాను. నిజంగా తెలియకే అడిగాను.

“నాకూ తెలియదు. ఫోన్లో ఒకడు నరాలు చచ్చిపోతాయంటాడు. ఇంకో డాక్టరు అది జబ్బు కాదు, పాపం కాదు, అందరూ చేసేదేనంటాడు. అందరూ చేసేదే అయితే, అందరూ పనికి పోతున్నారు కదా, ఇంటికొచ్చి పెళ్లాంతో మాట్లాడుతున్నారు కదా. నేను ఆగలేకపోతున్నాను. వద్దనుకున్నాక కూడా ఆగలేకపోతున్నాను. నా బాధ అది.”

“అందుకని మాలలా?”

“మాల ఉంటే భయం ఉంటుంది. చన్నీళ్ల స్నానం, ఒంటిపూట తిండి, పదిమంది స్వామీ స్వామీ అంటుంటే అదుపులో ఉంటాను. తీశానా, మళ్లీ మొదటికే. నిన్ను ముట్టుకోవాలన్నా భయమే. నా మురికి నీకంటుతుందని.”

“అంటే నన్ను మాతా మాతా అని ఏడిపించింది నా మేలు కోరా? అబ్బబ్బ, ఎంత పుణ్యాత్ములండీ!”

“ఎగతాళి చెయ్యి. నీకు హక్కుంది.”

“హక్కుల సంగతి తర్వాత. ఒక్క మాట నాకు చెప్పొచ్చుగా? ఏదో ఒక రోజు, కండెలు అందుకుంటూనైనా, నాకిట్లా ఉందే అని?”

“చెబితే ఉంటావా?”

వసారాలోంచి మామయ్య దగ్గు వినపడింది. కారువాడు హారన్ కొట్టాడు.

“సరే. ఇవన్నీ తర్వాత చూద్దాం. ఇవాల్టికి మాల తీయండి. మీ పెదనాన్న మీ కోసం చూస్తున్నారు.”

“అందుకే తీయను.”

“అదేం మాట?”

మాల వదిలేసి, రెండు అరచేతులూ తన ముందు పెట్టుకుని చూసుకున్నాడు. “ఈసారి మాల ఉండగానే తప్పాను. మొన్న శనివారం. స్వామివారి వారం. రంగుల గదిలో మాల తీసి, కళ్లకద్దుకుని, మేకుకి తగిలించి మరీ తప్పాను. మళ్లీ అదే మాల మెళ్లో వేసుకుని బయటికొచ్చాను. ఇవాళ పెదనాన్న.”

“దానికీ దీనికీ ఏమిటండీ సంబంధం?”

“స్వామి నన్ను కొట్టలేదు. ఆయన్ని కొట్టాడు.” చేతులు నా ముందుకి చాచాడు. “ఈ చేతులతో ఆయన నోట్లో బియ్యం పోయనా? ఈ చేతులతో కొరివి పట్టనా? మాల ఉంటే నన్ను దగ్గరికి రానివ్వరు. వేరే ఎవరో పెడతారు. అందుకే తీయను.”

ఇదన్నమాట! పొద్దుట్నుంచి ఇల్లంతా తలకిందులైంది ఇందుకా! జాలి పడాల్సింది నేను. ఏం చేయను, నా నోరు అట్లాంటిది. మండిపోయింది.

“మీ పెదనాన్న చుట్ట మానమన్నందుకు డాక్టర్నే మార్చిన మనిషి. గుండెకి స్టెంటు వేసి ఇంటికి పంపిస్తే, పక్కలో గోంగూర పచ్చడి జాడీ పెట్టుకున్న మనిషి. ఆయన పోవడానికి ఆ చుట్టలు చాలు. మీ సాయం అక్కర్లేదు. స్వామికి కూడా వేరే పనుంటుంది, రంగుల గది సందుల్లోంచి తొంగిచూస్తూ కూర్చోడు.”

ఆయన పెదవి చివర కదిలింది. నవ్వే అనుకున్నాను. ఆ నవ్వే వెక్కిళ్లయింది. పొద్దుట్నుంచి కన్నీటి చుక్క రానివాడు, మగ్గం పలక మీద తలానించి ఏడ్చాడు.

“ఈ గుంటలో కూర్చోబెట్టి నేత నేర్పింది ఆయనే,” అన్నాడు.

“ఏ చేతులకి నేర్పారు?”

అరచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

“ఈ చేతులకే కదా. ఈ చీర నేసిందీ ఇవే. ఆయనకి జ్వరమొస్తే పర్చూరు పోయి కాళ్లు పట్టిందీ ఇవే. ఒక్క పని చూసి చేతుల్నే వెలేస్తారా?”

చెయ్యి పట్టుకోబోయాను. చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

“ముట్టుకోకు.”

“మైల రాగానే మీ దీక్ష పోయింది. గురుస్వామిగారే అన్నారు. ఇప్పుడు మీరు స్వామీ కాదు, నేను మాతనీ కాదు.” ఈసారి గట్టిగానే పట్టుకున్నాను. చల్లగా, చెమటగా ఉంది. ఎన్ని నెలల తర్వాతో. నాకేమీ అంటలేదు. “గుంటూరులో ఇట్లాంటివాటికి డాక్టర్లుంటారు. మనసు డాక్టర్లు. పోదాం. ఇందాక నాకు చెప్పినట్టే చెబుదురుగాని.”

“నువ్వొస్తావా?” అన్నాడు. “మీ అమ్మ బ్యాగు సర్దింది కదా.”

“ముందు లేవండి,” అన్నాను.

లేచాడు. ఇద్దరం బయటికొచ్చేసరికి వసారాలో అందరూ ఒక్కసారి నిలబడ్డారు. నా వెనకాల తల దించుకుని నిలబడ్డ మనిషిని చూసి అత్తయ్య రెండు చేతులూ జోడించింది.

“తీస్తాడా?”

“తీస్తారు,” అన్నాను.

“మరి ఇంతసేపూ ఈ రాద్ధాంతమేమిటి?” అన్నారు మామయ్య. “కారణం చెప్పమను. అక్కడ మా అన్న శవం ఎండలో ఉంటే, ఇక్కడ వీడి పంతమేమిటో చెప్పమను.”

“అదీ, అలా అడగండి,” అంది మా అమ్మ. “అందరి ముందూ చెప్పమనండి. ఏ రోగముందో, ఏ రంకుందో.”

నేను ఆయన వైపు చూశాను. మొహం పాలిపోయింది. గురుస్వామిగారూ చూస్తున్నారు, గోడ మీంచి పక్కింటివాళ్లూ చూస్తున్నారు. ఆయన నోరు తెరిస్తే ఏం బయటపడుతుందో నాకు తెలుసు. తెరవకపోతే మా అమ్మ అన్న రెండు మాటల్లో ఒకటి పేటంతా తిరుగుతుంది.

“నేనే వద్దన్నాను,” అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

“పిల్లల కోసం మొక్కుకున్నాను. ఏడాదంతా మాలల్లో ఉంటే కడుపు పండుతుందని ఎవరో చెప్పారు. మధ్యలో తీయనని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. ఇప్పుడా ఒట్టు తీసేశాను. ఆయన తప్పేం లేదు.”

మొగుణ్ని దూరం పెట్టి పిల్లల కోసం మొక్కిన తెలివిగలదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. కానీ మా అత్తయ్య నమ్మింది. కొడుకు మీద నింద పోయేదైతే ఆవిడ ఏదైనా నమ్ముతుంది.

“నువ్వా తల్లీ! చచ్చిన మనిషికి కొరివి లేకుండా చేయబోయింది నువ్వా?”

“తప్పయింది అత్తయ్యా.”

“చదువుకున్నదానివి, నీకేం పోయేకాలమే!” అని అత్తయ్య గుండెలు బాదుకుంది. మామయ్య నా వైపు చూడకుండా మొహం తిప్పేసుకున్నారు. గురుస్వామిగారు మాత్రం నన్నూ, ఆయన్నీ మార్చి మార్చి చూసి, “సరే, సరే. ముందు కానివ్వండి,” అన్నారు.

పోయిన వారం నేను ఫోన్లో ఏడ్చిన ఏడుపు మా అమ్మకి తెలుసు. ఇది అబద్ధమని ఆవిడ కళ్లే చెబుతున్నాయి. ఎందుకనేదే అర్థం కాలేదు పాపం. నాకు మాత్రం అర్థమైందా ఏమన్నా?

నేను ఎదురుచూసింది ఒక్కదాని కోసమే. ఆయన తలెత్తి, కాదు, ఆ పిల్లకేం తెలియదు, అంటాడేమో అని. అసలు కారణం చెప్పక్కర్లేదు. ఆ ఒక్క మాట చాలు. ఆయన అనలేదు. నిందంతా నా నెత్తిన పడుతుంటే కాళ్ల బొటనవేళ్లు చూస్తూ నిలబడ్డాడు.

అత్తయ్య ఏడుస్తూనే కొడుకు తల మీంచి మాల తీసింది. ఎండకి నల్లబడ్డ మెడ చుట్టూ మాల ఉన్నచోట తెల్లటి గీత మిగిలింది. బావి దగ్గర రెండు బకెట్లు కుమ్మరించుకుని, తెల్లపంచె కట్టుకొచ్చాడు. మామూలు బట్టల్లో ఆయన్ని చూసి ఎన్నాళ్లయిందో, ఎవరో కొత్తమనిషిలా ఉన్నాడు. మామయ్యా, అత్తయ్యా, గురుస్వామిగారూ కారెక్కారు. నన్నెవరూ రమ్మనలేదు. ముందు సీట్లో కూర్చోబోతూ ఆయన ఆగి, వెనక్కి తిరిగాడు.

నా వైపే చూశాడు. ఇప్పుడంటాడు, అనుకున్నాను. ఏదో ఒకటి అంటాడు.

“మాతా, కాసిని మంచినీళ్లు.”

కారులో అత్తయ్య ఏడుపు కూడా ఆగింది. అన్నాక గానీ ఆయనకి తెలియలేదు తనేమన్నాడో. చెయ్యి మెడ దగ్గరికి పోయింది. అక్కడ మాల లేదు.

“విన్నావా?” అంది మా అమ్మ నా వెనక నుంచి. “మాల తీసినా అదే పిలుపు.”

నేను లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చాను. కారు దాకా నడిచి ఆయన ముందు నిలబడ్డాను. చెయ్యి చాచాడు. ఇవ్వలేదు.

“మళ్లీ పిలవండి,” అన్నాను. “పేరు పెట్టి.”

నోరు తెరిచాడు. నా పేరులో మొదటి అక్షరం కూడా బయటికి రాలేదు. కళ్లు మాత్రం నిండాయి. ఆ పేరు మర్చిపోయాడా, పలకడానికి నోరు రాలేదా, నాకెలా తెలుస్తుంది?

“అమ్మాయ్, దానికిదా వేళ?” అని మామయ్య గట్టిగా కసిరారు. “పోనీవయ్యా!”

తలుపు పడింది. కారు కదిలింది. ఆయన నీళ్లు తాగకుండానే వెళ్లిపోయాడు.

గ్లాసులో నీళ్లు నేనే తాగేశాను. దాహమేం లేదు. మా అమ్మ బ్యాగు పట్టుకొచ్చి, వచ్చి ఆగిన ఆటోలో పెట్టింది. నన్ను భుజం పట్టుకుని ఎక్కించింది, చిన్నపిల్లని ఎక్కించినట్టు.

“స్టేషన్‌కి పోనీ బాబూ,” అంది.

“స్టేషన్‌కి కాదు,” అన్నాను. “పర్చూరు.”

“ఏమే, మతి పోయిందా? వాళ్లు నిన్ను రమ్మన్నారా? ఆ మొగుడు నీ వైపు ఒక్క మాటన్నా మాట్లాడాడా?”

“మాట్లాడలేదు.”

“మరి దేనికి పోవడం? ఎవరివని పోతావు ఆ చావింటికి?”

“అదే తెలియడం లేదమ్మా. కొరివి పెట్టి బయటికొచ్చాక ఆయన నోటి వెంట నా పేరు వినాలి. వినకుండా నేను మంగళగిరి రాను.”

ఆటోవాడు మా ఇద్దరినీ అద్దంలో చూసి, ఎటు తిప్పమంటారన్నట్టు బండి ఆపుకుని కూర్చున్నాడు. మా అమ్మ కాసేపు నా మొహం చూసింది. తర్వాత బ్యాగు ఒళ్లోకి తీసుకుంది.

“సరే, పోనీ,” అంది ఆటోవాడితో. పేట దాటి పర్చూరు రోడ్డెక్కాక, నా వైపు తిరక్కుండానే అడిగింది. “పిలవకపోతే?”

నేను రోడ్డు వైపు చూశాను. ముందు దూరంగా మావాళ్ల కారు లేపిన దుమ్ము కనపడుతోంది.